రోహిణి కార్తెలోనూ ఆగని పరుగు: నెల్లూరు, ప్రకాశం ఎండల్లో లాంగ్ రన్నింగ్ సాధన

హైదరాబాద్ మారథాన్ ఆగస్టు చివర్లో ఉంటుంది. అందులో హాఫ్ మారథాన్, అంటే 21.1 కిలోమీటర్లు పరిగెత్తాలంటే కనీసం 12 నుంచి 14 వారాల సాధన కావాలి. వెనక్కి లెక్కేసుకుంటే మొదలుపెట్టాల్సింది మే నెలలో, కృత్తిక, రోహిణి కార్తెల్లో, రోళ్లు పగిలే ఎండల్లో. వేరే జిల్లాల వాళ్లు మృగశిర వస్తే చల్లబడుతుందిలే అని రెండు వారాలు ఆగొచ్చు. మనకా వీలు లేదు. నెల్లూరుకు అసలు వాన ఈశాన్య రుతుపవనాలది, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా. జూన్‌లో కేరళను తడిపిన నైరుతి గాలి పడమటి కనుమలు దాటి మన దాకా వచ్చేసరికి తడంతా పోగొట్టుకుని, వేడి పడమటి గాలిగా దిగుతుంది. ఎండ తగ్గాక చూద్దాం అనుకుంటే జులై వచ్చేస్తుంది.

కాబట్టి ఎండాకాలంలోనే సాధన చేయాలి, కానీ లెక్క మార్చుకుని చేయాలి. చలికాలంలో పరుగును కిలోమీటర్లతో, నిమిషాలతో కొలుస్తాం. వేసవిలో ఒంట్లో ఎంత వేడి పుడుతోంది, అందులో ఎంత బయటికి పోతోంది అన్నదే లెక్క. కింద చెప్పేదంతా దాని చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఆ వేడి లెక్క

60 కిలోల మనిషి ఒక కిలోమీటరు పరిగెత్తితే సుమారు 60 కిలో కేలరీలు ఖర్చవుతాయి. అందులో ముప్పాతిక వంతు వేడిగానే మారుతుంది. గంటకు 10 కిలోమీటర్లంటే 450 కిలో కేలరీల వేడి. అది బయటికి పోయే దారే లేకపోతే ఆ గంటలో ఒంటి వేడి 9 డిగ్రీలు పెరగాలి. 37 నుంచి 40 దాటితేనే ప్రాణం మీదికొస్తుంది.

దాన్ని బయటికి పంపేది చెమట. లీటరు చెమట పూర్తిగా ఆవిరైతే సుమారు 580 కిలో కేలరీలు పట్టుకుపోతుంది. ఇక్కడ అసలు మాట ‘ఆవిరైతే’ అన్నదే. మోచేతి మీంచి కారి రోడ్డు మీద పడ్డ చెమట ఏ వేడినీ తీసుకుపోదు. నీళ్లూ ఉప్పూ మాత్రం పోతాయి. బనీను పిండితే నీళ్లు కారేంత చెమట పట్టిందని మురిసిపోతారు చాలామంది. అది బాగా పరిగెత్తామన్నదానికి గుర్తు కాదు, గాలి చెమటను తీసుకోవట్లేదన్నదానికి గుర్తు.

మీది తీరమా, మెట్టా?

మన ప్రాంతంలో రెండు రకాల ఎండలున్నాయి. వేళలు, నీళ్లు, వేగం అన్నీ దీన్నిబట్టే మారతాయి.

నెల్లూరు, కావలి, ఒంగోలు, కొత్తపట్నం వైపు తెల్లారుజామున 28, 29 డిగ్రీలే చూపిస్తుంది గానీ గాలిలో తేమ నిండుగా ఉంటుంది. ఉక్కపోత. చెమట ఆరదు. ఇక్కడ చూడాల్సింది ఉష్ణోగ్రత కంటే ముందు డ్యూ పాయింట్, అంటే గాలిలోని తేమ నీటి బొట్లుగా మారడం మొదలయ్యే ఉష్ణోగ్రత. ఫోన్‌లో వాతావరణం చూపించే యాప్‌లు చాలావాటిలో ఈ అంకె ఉంటుంది. 20 డిగ్రీల లోపుంటే హాయి. 24 దాటితే వేగం తగ్గించాలి. 26 దాటిన రోజు తేలిక జాగింగ్ తప్ప ఇంకేమీ పెట్టుకోవద్దు.

ఉదయగిరి, కనిగిరి, మార్కాపురం, గిద్దలూరు వైపు గాలి పొడి. చెమట పట్టినట్టే తెలియదు, పట్టిందల్లా పట్టినట్టే ఆరిపోతుంది. ఒళ్లు చల్లబడటానికి ఇది మంచిదే. కానీ ఎన్ని నీళ్లు పోయాయో తెలియక మోసపోయేది కూడా ఇక్కడే. చొక్కా పొడిగా ఉంటుంది, మనిషి మాత్రం కిలోన్నర తగ్గి ఉంటాడు. పైగా సాయంత్రం ఆరింటికి కూడా నేల, బండలు, గోడలు సెగ కక్కుతూనే ఉంటాయి.

వేళ

మే నెలలో మనకు పొద్దు పొడిచేది 5:45 ప్రాంతంలో. తీరమైనా మెట్టయినా పరుగు 4:30కి మొదలై 6:15కల్లా ముగియాలి. ఏడింటికి బయల్దేరి ‘ఇంకా పొద్దునే కదా’ అంటే కుదరదు. ఏప్రిల్ ఆఖరుకు నెల్లూరులో, మే మొదటి వారంలో ఒంగోల్లో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. కర్ర నిలబెడితే నీడ కనపడని రోజులవి. అలాంటి సూర్యుడు చాలా వేగంగా పైకెక్కుతాడు.

తీరంలో సాయంత్రం కూడా పనికొస్తుంది, కానీ ఒక షరతు మీద. మధ్యాహ్నం సముద్రపు గాలి తిరిగిందా లేదా చూడండి. చెట్ల ఆకులు తూర్పు నుంచి ఊగుతుంటే 6:30 తర్వాత 30, 40 నిమిషాలు పరిగెత్తొచ్చు. పడమటి గాలి బలంగా ఉన్న రోజు సముద్రపు గాలి ఊళ్లోకి రాలేదు. ఆ రోజు సాయంత్రం పరుగు మానేయండి. మెట్ట ప్రాంతంలో సాయంత్రం ఆశ జూన్ ఆఖరు దాకా వదులుకోవడమే మంచిది.

దారి

వేసవిలో పొడుగాటి దారి పెట్టుకోవద్దు. 10 కిలోమీటర్లు వెళ్లి 10 కిలోమీటర్లు వెనక్కి రావడం చలికాలపు పద్ధతి. తొమ్మిదో కిలోమీటరు దగ్గర కళ్లు తిరిగితే ఇంటికి తొమ్మిది కిలోమీటర్లుంటుంది. ఒకటిన్నర, రెండు కిలోమీటర్ల చుట్టు చూసుకోండి. ఒకచోట నీళ్ల సీసా, తడిగుడ్డ పెట్టుకుని ప్రతి చుట్టుకూ ఆగండి. నెల్లూరులో పెన్నా పొర్లుకట్ట, స్వర్ణాల చెరువు గట్టు, ఏసీ సుబ్బారెడ్డి స్టేడియం ఇలాంటి చుట్లకు అనువైనవి. హైవే మీద చీకట్లో పరుగు వద్దే వద్దు. ఊరి రోడ్డు మీదైనా బండ్లకు ఎదురుగా, కుడి పక్కన పరిగెత్తండి. తలకు చిన్న లైటు తప్పనిసరి. వేసవి రాత్రుళ్లు పొలం గట్ల మీద పాములు తిరుగుతాయి.

మైపాడు, కొత్తపట్నం దగ్గరున్న వాళ్లకు బీచ్ పరుగు మీద మోజు ఎక్కువ. గాలి బాగుంటుంది, నిజమే. కానీ పాటు ఉన్నప్పుడు, అంటే సముద్రం వెనక్కి తగ్గినప్పుడు, అలలు తడిపి వెళ్లిన గట్టి ఇసుక మీద మాత్రమే పరిగెత్తండి. పోటు పాట్ల వేళ రోజుకు దాదాపు 50 నిమిషాలు జరుగుతుంది కాబట్టి ఈ వారం కుదిరిన టైము వచ్చే వారం కుదరదు. ఇసుక సముద్రం వైపు వాలుగా ఉంటుంది. ఒకే దిక్కుకు వెళ్తే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడి, మోకాలి బయటి వైపు నొప్పి మొదలవుతుంది. ఎంత దూరం వెళ్లారో అంత దూరం వెనక్కి రండి. మొదట్లో 20 నిమిషాలు చాలు.

మొదటి 14 రోజులు: ఒంటిని కాచడం

ఎండకు ఒళ్లు అలవాటు పడటానికి 10 నుంచి 14 రోజులు పడుతుంది. మొదటి నాలుగైదు రోజుల్లో రక్తంలో నీటి పాలు పెరుగుతుంది, అందుకే గుండె దడ తగ్గుతుంది. ఆ తర్వాత చెమట ముందే మొదలై ఎక్కువగా పడుతుంది, అందులో ఉప్పు తగ్గుతుంది. పెదవి మీద చెమట నాకి చూస్తే తేడా మీకే తెలుస్తుంది. ఏసీ ఆఫీసుల్లో పనిచేసేవాళ్లు, బెంగళూరు నుంచి సెలవులకు ఊరొచ్చిన వాళ్లు ఈ రెండు వారాలను దాటవేయకూడదు.

1 నుంచి 3వ రోజు వరకు: 20 నిమిషాలు. 4 నిమిషాలు జాగ్, 1 నిమిషం నడక. పక్కవాడితో పూర్తి వాక్యం మాట్లాడగలగాలి.

4 నుంచి 7వ రోజు వరకు: 30 నిమిషాలు, తర్వాత 35. ఇందులో ఒక రోజు విశ్రాంతి.

8 నుంచి 11వ రోజు వరకు: 45 నిమిషాలు. 9 నిమిషాలు పరుగు, 1 నిమిషం నడక.

12 నుంచి 14వ రోజు వరకు: 50 నుంచి 60 నిమిషాలు. వేగం మాత్రం పెంచొద్దు.

ఈ రెండు వారాలు ఇంటర్వెల్స్ (మధ్యమధ్యలో ఆగుతూ వేగంగా తీసే పరుగులు) లేవు, పందేలు లేవు. పొద్దున లేవగానే మంచం మీదే నాడి ఒక నిమిషం లెక్కపెట్టి రాసుకోండి. మామూలు కంటే 10 సార్లు ఎక్కువ కొట్టుకుంటే ఆ రోజు పడుకోండి. రాత్రి కరెంటు పోయి నిద్ర లేకపోయినా అంతే. రాత్రి ఏసీలో పడుకుంటే అలవాటు పోతుందేమో అని భయపడక్కర్లేదు. నిద్ర బాగా పడితే మంచిదే. కానీ పరుగు వారం రోజులు ఆపితే సంపాదించింది కరగడం మొదలవుతుంది. మూడు, నాలుగు వారాలు ఆపితే దాదాపు మొదటికొస్తారు.

వేగం, వారం లెక్క

చలికాలంలో కిలోమీటరును 6 నిమిషాల్లో (6:00) తేలిగ్గా పరిగెత్తే మనిషి, మే నెల ఉక్కపోతలో అదే శ్రమకు 6:20, 6:40 తీసుకుంటాడు. ఇది సత్తా తగ్గడం కాదు. చర్మాన్ని చల్లబరచడానికి రక్తం అటు పోతుంది, కాళ్లకు అందేది తగ్గుతుంది, గుండె ఎక్కువసార్లు కొట్టాలి. వాచీని చూసి 6:00కు లాగారంటే తేలిక పరుగు కాస్తా పందెం పరుగు అయిపోతుంది. రోజూ పందెం పరిగెత్తేవాడు జూన్‌కల్లా మంచం పడతాడు.

వారానికి 30 కిలోమీటర్ల అలవాటున్న వాళ్లు ఇలా సర్దుకోవచ్చు. సోమవారం విశ్రాంతి. మంగళ, గురువారాలు 6 కిలోమీటర్ల చొప్పున తేలిక పరుగు. బుధవారం స్పీడ్: మైదానంలో 400 మీటర్లు 6 సార్లు, మధ్యలో చలికాలంలో తీసుకునే దానికంటే సగం ఎక్కువ విశ్రాంతి. శుక్రవారం ఇంట్లో గుంజీళ్లు, పిక్కలకు, నడుముకు వ్యాయామం. శనివారం 4 కిలోమీటర్లు. ఆదివారం లాంగ్ రన్, 10తో మొదలుపెట్టి వారానికి ఒక కిలోమీటరు పెంచుతూ, ప్రతి నాలుగో వారం వెనక్కి తగ్గించి. 14 దాటాక తీరం వాళ్లు దాన్ని రెండు ముక్కలు చేయొచ్చు: పొద్దున 11, సాయంత్రం 4. ఒకే విడత పరుగుతో సమానం కాకపోయినా, ఈ రెండు నెలలకు దానికి దగ్గరి ఫలితమే ఇస్తుంది.

కానిస్టేబుల్ పరీక్షకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పరిగెత్తాల్సిన కుర్రాళ్లు మైదానాల్లో జెర్కిన్ వేసుకుని తిరగడం చూస్తుంటాం, బరువు తగ్గుతుందని. తగ్గేది నీళ్లు. రెండు చెంబులు తాగగానే బరువు తిరిగొస్తుంది. ఈలోపు వడదెబ్బ తగిలితే పరీక్షే పోతుంది.

మీ చెమట ఎంతో కొలవండి

గంటకు ఎన్ని నీళ్లు తాగాలి అని అడిగితే అందరికీ ఒకే జవాబు లేదు. ఒకరికి 700 మిల్లీలీటర్లు పోతే పక్కవాడికి లీటరున్నర పోతుంది. ఇంట్లో డిజిటల్ తూకం ఉంటే చాలు.

మూత్రానికి వెళ్లొచ్చి, బట్టల్లేకుండా బరువు చూసుకోండి. కొలిచిన నీళ్లు తీసుకుని సరిగ్గా గంట పరిగెత్తండి. తిరిగొచ్చాక తువ్వాలుతో ఒళ్లు, తల బాగా తుడుచుకుని, మళ్లీ బట్టల్లేకుండా తూచుకోండి. ఉదాహరణకు ముందు 64.2 కిలోలు, తర్వాత 63.1, మధ్యలో తాగింది 300 మిల్లీలీటర్లు. తగ్గిన 1.1 కిలోకు తాగిన 0.3 కలిపితే గంటకు 1.4 లీటర్ల చెమట. మే మొదట్లో ఒకసారి, జూన్‌లో ఒకసారి కొలవండి, అంకె మారుతుంది.

పరుగులో పోయినదంతా పరుగులోనే నింపాలని చూడొద్దు. కడుపు గంటకు 600 నుంచి 800 మిల్లీలీటర్ల కంటే పెద్దగా పట్టించుకోదు, మిగిలింది కుండలో నీళ్లలా కుదులుతుంది. 15 నిమిషాలకోసారి 150 మిల్లీలీటర్లు, అంటే టీ గ్లాసుడు కంటే కాస్త ఎక్కువ. పరుగు ముగిసేసరికి బరువు 2 శాతానికి మించి తగ్గకుండా చూసుకుంటే చాలు. 64 కిలోల మనిషికి అది 1.3 కిలోలు. తగ్గిన ప్రతి కిలోకు ఆ తర్వాత రెండు మూడు గంటల్లో లీటరున్నర, కొద్దికొద్దిగా, ఉప్పుతో తాగాలి.

బరువు పెరిగి వస్తే అది ఇంకా ప్రమాదం. రెండు గంటలు వట్టి నీళ్లే తెగ తాగితే రక్తంలో సోడియం పలచబడుతుంది. తలనొప్పి, వాంతి, వేళ్లు ఉబ్బి ఉంగరం బిగుసుకోవడం, ఆపైన తికమక. ఆర్ఓ క్యాన్ నీళ్లలో లవణాలు దాదాపు ఉండవు కాబట్టి ఫ్లోరైడ్ భయంతో క్యాన్ల మీదే బతికే కనిగిరి వైపు వాళ్లు ఉప్పు సంగతి మరీ గుర్తుంచుకోవాలి.

సీసాలో ఏం పోయాలి

రాత్రి పడుకునే ముందు రెండు గ్లాసులు, లేవగానే 250 మిల్లీలీటర్లు. చిన్న గ్లాసు టీ తాగితే నష్టం లేదు. గంటలోపు పరుగుకు నీళ్లు చాలు. గంట దాటితే ఇది కలుపుకోండి:

లీటరు నీళ్లు, గూడూరు నిమ్మకాయలు రెండు, అర టీ స్పూను ఉప్పు, 10 టీ స్పూన్ల చక్కెర, అన్నీ స్పూను అంచుకు సమంగా. చక్కెర 4 నుంచి 5 శాతం అవుతుంది. 8 శాతం దాటితే కడుపులోంచి త్వరగా కదలదు. చెరుకు రసం, కూల్ డ్రింకులు పరుగు మధ్యలో వద్దనేది అందుకే. విరేచనాలకో, పరుగు తర్వాత నీరసానికో ఓఆర్ఎస్ ప్యాకెట్ వాడితే దాని మీద రాసినన్ని నీళ్లలో మొత్తం ఒకేసారి కలపాలి. చిక్కగా కలిపితే బలం రాదు, వాంతి వస్తుంది.

కొబ్బరి నీళ్లలో పొటాషియం దండిగా ఉంటుంది, సోడియం తక్కువ. చెమటలో పోయేది సోడియం. కాబట్టి బోండాం కొట్టించుకుంటే చిటికెడు ఉప్పు వేసుకోండి. పరుగు తర్వాత మజ్జిగకు సాటి లేదు: ఒక వంతు పెరుగు, నాలుగు వంతుల నీళ్లు, లీటరుకు అర స్పూను ఉప్పు. దాంతో చద్దన్నం, ఉల్లిపాయ ఉంటే ఉప్పు, నీళ్లు, పిండి పదార్థం మూడూ ఒకేచోట దొరికినట్టే. బీపీ ఉన్నవాళ్లు ఈ ఉప్పు లెక్కలు డాక్టరుతో మాట్లాడి పాటించాలి.

శనివారం రాత్రి చేపల పులుసు మాత్రం వద్దు. చింతపండు, కారం ఆదివారం పొద్దున ఐదో కిలోమీటరు దగ్గర గొంతులోకి ఎగదన్నుతాయి. ఎలాగూ మర్నాటికే రుచి కాబట్టి, శనివారం వండి ఆదివారం మధ్యాహ్నం తినండి.

ఒంటి మీద, కాళ్లకు

కాటన్ బనీను తడిసి బరువెక్కి ఒంటికి అతుక్కుంటుంది. వదులు పాలిస్టర్ జెర్సీ మేలు. తొడల మధ్య, చంకల్లో, చనుమొనల మీద వాజలిన్ రాయండి. పౌడరు చల్లితే చెమటకు ముద్దకట్టి ఇంకా ఒరుసుకుంటుంది. తీరంలో గంట దాటితే చెమట కాళ్ల మీంచి దిగి బూట్లు పచక్ పచక్ మంటాయి. రెండో జత ఉంచుకోండి. తడిసిన బూట్లలో పేపరు కుక్కి నీడలో ఆరబెట్టండి, ఎండలో పెడితే అట్ట జిగురు వదిలేస్తుంది. చెమటకాయలు లేచిన చోట చెమట రంధ్రాలు మూసుకుంటాయి కాబట్టి ఒళ్లంతా లేస్తే రెండు మూడు రోజులు పరుగు ఆపండి. గజ్జల్లో తామర వస్తే మెడికల్ షాపువాడిచ్చే స్టెరాయిడ్ కలిసిన క్రీము రాయొద్దు. నాలుగు రోజులు దురద తగ్గి, తర్వాత రెట్టింపు వ్యాపిస్తుంది.

పరిగెత్తకూడని రోజులు

రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ మండలాలవారీగా వడగాల్పుల హెచ్చరిక ఇస్తుంది. మీ మండలం పేరు తీవ్ర వడగాల్పుల జాబితాలో ఉంటే ఆ సాయంత్రం, మర్నాడు పొద్దున తేలిక నడకే. రాత్రంతా 30 డిగ్రీలకు దిగకపోయినా అంతే. జ్వరం, విరేచనాలు ఉన్నప్పుడు, తగ్గిన తర్వాత రెండు మూడు రోజులు వద్దు. బీపీకి మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు, జలుబుకు మత్తు మాత్రలు వేసుకునేవాళ్లు డాక్టరును అడగకుండా మొదలుపెట్టొద్దు.

వడదెబ్బ తగిలితే

పిక్కలు పట్టేస్తే ఆగి, సాగదీసి, ఉప్పు నిమ్మరసం తాగితే పోతుంది. ఒళ్లు తూలి, వికారం, తలనొప్పి, ఒళ్లు జలదరింపు వస్తే అది రెండో మెట్టు: పరుగు అక్కడే ఆపి, నీడలో కాళ్లు ఎత్తి పడుకోబెట్టి, తల, మెడ తడపాలి. అరగంటలో తేరుకోకపోతే ఆసుపత్రి.

మూడోది అసలు వడదెబ్బ. దాని గుర్తు తల తిరగడం కాదు, తల పని చేయకపోవడం. పేరు అడిగితే వేరేదేదో చెప్తాడు, కోపగించుకుంటాడు, దారి తప్పి నడుస్తాడు, పడిపోతాడు. చెమట ఆగిపోతేనే వడదెబ్బ అనేది పరుగెత్తేవాళ్ల విషయంలో తప్పు. ఒళ్లంతా చెమటతో తడిసి ఉండగానే లోపలి వేడి 40 దాటి ఉండొచ్చు.

ఒకరు 108కి ఫోన్ చేస్తుండగానే మిగిలినవాళ్లు చల్లబరచడం మొదలుపెట్టాలి. అంబులెన్సు కోసం చూస్తూ కూర్చుంటే పోయేది ప్రాణమే. మొదటి అరగంటలో వేడి దిగడమే ముఖ్యం. బూట్లు, చొక్కా తీసేయండి. టార్పాలిన్ పట్టా మీద పడుకోబెట్టి, నలుగురు అంచులు పట్టుకుని ఎత్తితే తొట్టిలా అవుతుంది. అందులో నీళ్లు, దొరికినంత ఐసు పోసి కుదపండి, తల మాత్రం పైకి ఉండాలి. పట్టా లేకపోతే బోరు మోటారు కింద ఉంచండి. అదీ లేకపోతే తడి తువ్వాళ్లు తల, చంకలు, గజ్జల మీద వేసి నిమిషానికోసారి మార్చండి. తెలివిగా మింగలేని మనిషి నోట్లో నీళ్లు పోయొద్దు, ఊపిరితిత్తుల్లోకి పోతాయి. పారాసిటమాల్ పనిచేయదు, ఇది జ్వరం వేడి కాదు. జేబులో పెట్టుకున్న ఉల్లిపాయ కూడా పనిచేయదు. 

తేరుకుని ఇంటికొచ్చాక కనీసం వారం రోజులు ఏ పరుగూ వద్దు. మూత్రం కూల్ డ్రింక్ రంగులో వస్తే కండరాలు దెబ్బతిని కిడ్నీల మీద పడుతోందని అర్థం, వెంటనే చూపించాలి. మళ్లీ మొదలుపెట్టేది డాక్టరు సరేనన్నాకే, అదీ పైన చెప్పిన 14 రోజుల పట్టికలో మొదటి రోజు నుంచి.

జులై నుంచి ఆగస్టు దాకా

జులై రెండో వారం తర్వాత తెల్లారుజామున గాలి కాస్త తెరిపినిస్తుంది. అప్పుడు ఆదివారం పరుగును ముక్కలు చేయడం ఆపి, ఒకే విడతగా 16, 18కి తీసుకెళ్లండి. హైదరాబాద్ దారి ఫ్లైఓవర్లతో ఎత్తుపల్లాలుగా ఉంటుంది, నెల్లూరు చదును నేల. రెండు వారాలకోసారి నరసింహకొండ ఎక్కే రోడ్డు మీద 300 మీటర్లు పైకి పరుగు, కిందికి నడక, 6 సార్లు చేయండి. ఆగస్టు తెల్లవారుజామున హైదరాబాద్ మనకంటే చల్లగా ఉంటుంది. వేసవంతా 6:40తో పరిగెత్తిన కాళ్లు మొదటి కిలోమీటరు తెలియకుండానే 5:40తో లాగేస్తాయి. మొదటి 3 కిలోమీటర్లు 6:10 దాటి వేగం పోనివ్వొద్దు. అక్కడి ఫ్లైఓవర్లకు కాళ్లలో బలం మిగలాలి.